పాట ఒక్కటే, వాయింపులు మూడు: ‘లవ్ మీ డూ’ వెర్షన్లను పోల్చి చూడటం ఎలా?

‘నా దగ్గరున్న లవ్ మీ డూ మొదటి రికార్డేనా?’ బీటిల్స్ పాత రికార్డులు కూడబెట్టేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. దీనికి తోడుగా వచ్చేది ఇంకొకటి: ‘సీడీలో ఒకలా, ఫోన్లో ఒకలా వినిపిస్తోంది, ఏది సరైనది?’ రెండు ప్రశ్నలకూ దారి ఒకటే. మీరు వింటున్నవి ఒకే వాయింపుకు రెండు కాపీలా, లేక రెండు వేర్వేరు వాయింపులా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా బేస్ ఎక్కువ, ట్రెబుల్ తక్కువ అని వాదించుకోవడం నేతిబీరకాయలో నెయ్యి వెతకడమే.

ఈ పాటలో పొరపాటు పడటం ఎంత తేలికంటే, 2012లో యాభయ్యేళ్ల పండుగకు పాత సింగిల్‌ను (వైపుకో పాటుండే చిన్న డిస్కు) అచ్చంగా అలాగే మళ్లీ తెస్తున్నామని చెప్పి, రికార్డు కంపెనీ ఈఎంఐ అందులో వేరే వెర్షన్ ముద్రించేసింది. డిస్కులను వెనక్కి తీసుకుని మళ్లీ ముద్రించాల్సి వచ్చింది. కాబట్టి మీకు తేడా తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు.

ఏ వాయింపు ఎక్కడ దొరుకుతుంది

మూడూ 1962లో, లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలోనే రికార్డయ్యాయి. డ్రమ్స్ మీద కూర్చున్న మనిషే మారాడు.

- జూన్ 6: పీట్ బెస్ట్, బీటిల్స్ అప్పటి డ్రమ్మర్. ఆ రోజుల్లో విడుదల కాలేదు. 1995లో ‘ఆంథాలజీ 1’లో వచ్చింది.
- సెప్టెంబరు 4: పీట్ స్థానంలో వచ్చిన రింగో స్టార్. టాంబొరీన్ (బిళ్లలు గలగలలాడే చేతి వాయిద్యం) లేదు. 1962 అక్టోబరు 5న పార్లొఫోన్ (ఈఎంఐ వారి బ్రాండు) ఆర్ 4949 నంబరుతో బయటికొచ్చిన మొదటి సింగిల్ ఇదే.
- సెప్టెంబరు 11: స్టూడియో డ్రమ్మర్ ఆండీ వైట్. రింగో చేతికి టాంబొరీన్ ఇచ్చారు.

తర్వాతి కాలంలో ఎక్కువగా చెలామణీ అయింది ఆండీ వైట్ వెర్షనే. 1963 మార్చి 22న వచ్చిన ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ ఎల్పీలో (పెద్ద డిస్కు), అదే ఏడు వచ్చిన ‘ది బీటిల్స్ హిట్స్’ ఈపీలో (నాలుగు పాటల చిన్న డిస్కు), అమెరికాలో 1964లో ఒకటో స్థానానికి ఎక్కిన టాలీ 9008 సింగిల్‌లో, 2000లో వచ్చిన ‘1’ సంకలనంలో ఉన్నది అదే. బ్రిటన్‌లో కూడా ఆర్ 4949ను తర్వాత ముద్రించినప్పుడు ఇదే వేశారు. డిస్కు నంబరు మారలేదు, లోపలి పాట మారింది. గందరగోళానికి మూలం అక్కడే.

రింగో వెర్షన్ కావాలంటే 1962 నాటి డిస్కు, కెనడా వాళ్ల క్యాపిటల్ 72076, అమెరికాలో 1980లో వచ్చిన ‘రేరిటీస్’, 1988 నాటి ‘పాస్ట్ మాస్టర్స్’ మొదటి భాగం, 2009 నాటి ‘మోనో మాస్టర్స్’ చూడాలి. రెండూ ఒకేచోట కావాలంటే 1982 నాటి 12 అంగుళాల సింగిల్‌లోనో, 1992 నాటి సీడీ సింగిల్‌లోనో దొరుకుతాయి. ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ఆ 1992 సీడీ అన్నిటికన్నా సుఖం.

కావలసినవి

- కనీసం రెండు నమూనాలు: ‘పాస్ట్ మాస్టర్స్’లో మొదటి పాట, ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో ఎనిమిదో పాట. సీడీ నుంచి వేవ్ లేదా ఫ్లాక్ ఫైలుగా (నాణ్యత తగ్గని రకాలు) తీసుకోండి.
- చెవులను కప్పే, తీగ ఉన్న హెడ్‌ఫోన్. ఖరీదైనదే కానక్కర్లేదు. ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు.
- కంప్యూటర్, అందులో ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే ప్రోగ్రాం. ఇది ఉచితం.
- డిస్కును పరీక్షించేటట్లయితే 45 వేగమున్న (నిమిషానికి 45 చుట్లు) టర్న్‌టేబుల్, భూతద్దం, చిన్న టార్చి. పాత మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం) 45లకు 1 మిల్, అంటే సుమారు 25 మైక్రాన్ల గుండ్రటి స్టైలస్ (సూది) బాగా పనికొస్తుంది. అది లేకపోతే మామూలు స్టీరియో స్టైలస్‌తో రికార్డు చేసి, తర్వాత మోనో చేసుకోవచ్చు.
- ఒక నోటుపుస్తకం. గుర్తుంటుందిలే అనుకోకండి, ఉండదు.

1. ముందు డిస్కును చదవండి

చూడాల్సింది లేబుల్ చుట్టూ, గాడులు ముగిసిన నున్నటి భాగం. టార్చిని పక్కవాటుగా పట్టండి. పైనుంచి వెలుగు వేస్తే గీతలు కనబడవు. ఈ పాట వైపు మ్యాట్రిక్స్ నంబరు (అక్కడ చెక్కి ఉండే గుర్తు) 7ఎక్స్‌సీఈ 17144తో మొదలవుతుంది. వెనకవైపు ‘పీఎస్ ఐ లవ్ యూ’కు 17145. నంబరు చివర ఉండే అంకె, టేపు నుంచి గాడులు కోసిన మూల డిస్కు ఎన్నోదో చెబుతుంది.

లేబుల్‌ను గడియారం అనుకుంటే ఆ నంబరు 6 దగ్గర ఉంటుంది. 9 దగ్గరుండే అంకె మదర్, అంటే స్టాంపర్లను తయారుచేసే లోహపు డిస్కు సంఖ్య. 3 దగ్గరుండే అక్షరాలు స్టాంపర్, అంటే డిస్కులు ముద్రించే లోహపు అచ్చు సంఖ్య. ఈ అక్షరాలకు ఈఎంఐ వాడిన లెక్క ఇది: జీ, ఆర్, ఏ, ఎం, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ. జీ అంటే 1, ఆర్ అంటే 2, అలా టీ వరకు 9, చివరి డీ సున్నా. అంటే ‘ఆర్ ఓ’ అని ఉంటే 25వ స్టాంపర్. చిన్న సంఖ్యలు తొలి ముద్రణలకు దగ్గర.

మొదటి ముద్రణ లేబుల్ ఎరుపే. అయినా ఎర్ర లేబుల్ చూసి సంబరపడొద్దు. 2012లో తప్పుగా వచ్చిన డిస్కును కూడా పాతదానిలాగే తయారు చేశారు. లేబుల్ ఒక ఆధారం మాత్రమే, తీర్పు చెప్పేది చెవి.

2. టాంబొరీన్ కోసం వినండి

ఇది ఒక్క నిమిషం పని. సగం మందికి ఇక్కడితోనే సరిపోతుంది. మౌతార్గాన్‌తో పాట మొదలై డ్రమ్స్ పడ్డాక, స్నేర్ (టపటపమని మోగే చిన్న డ్రమ్) దెబ్బ మీదే చెవి పెట్టండి. ఆండీ వైట్ వెర్షన్‌లో ఆ దెబ్బతో పాటే చిడతలు తట్టినట్టు సన్నటి ‘ఛిక్’ వినిపిస్తుంది. రింగో వెర్షన్‌లో స్నేర్ ఒంటరిగా ‘టప్’మని మోగుతుంది, అంతే.

పాత డిస్కులో చిటపటలు ఎక్కువుంటే ఒక ఇబ్బంది ఉంది. టాంబొరీన్ బిళ్లల మోత, ధూళి చప్పుడు రెండూ పై శ్రుతుల్లోనే ఉంటాయి. తేడా పట్టడానికి ఒక్కటే కిటుకు: ధూళికి తాళం తెలియదు. ఎనిమిది దెబ్బలు వరసగా లెక్కపెట్టండి. ప్రతి దెబ్బకూ ఛిక్ వస్తే అది టాంబొరీన్. ఎనిమిదింట్లో రెండు మూడుసార్లే వస్తే అది గీత.

తక్కువ బిట్‌రేటు ఎంపీ3లను ఈ పరీక్షకు వాడొద్దు. ఫైలు కుదించేటప్పుడు మొదట నలిగిపోయేవి ఈ పై శ్రుతులే. ఉన్న టాంబొరీన్ కూడా అందులో మసకబారిపోతుంది.

పీట్ బెస్ట్ వెర్షన్‌ను గుర్తుపట్టడానికి టాంబొరీన్ కూడా అక్కర్లేదు. మౌతార్గాన్ ఒంటరిగా వాయించే ఘట్టానికి రాగానే డ్రమ్స్ నడక మారిపోయి, పాట మరో బండెక్కినట్టుంటుంది. 1994లో వచ్చిన ‘లైవ్ ఎట్ ద బీబీసీ’లోనూ ఒక లవ్ మీ డూ ఉంది. అది 1963లో రేడియో కోసం వాయించింది. టాంబొరీన్ లేదు కదా అని దాన్ని 1962 సింగిల్ అనుకోకండి.

3. ఫైళ్లను ఒకే స్థితికి తీసుకురండి

పోల్చాల్సిన ఫైళ్లన్నీ ఆడాసిటీలో ఒకే ప్రాజెక్టులో తెరవండి. అన్నిటినీ 44,100 శాంపిల్ రేటుకు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) మార్చి, ట్రాక్స్ మెనూలో మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో చేయండి. దానికి ముందు అసలు స్టీరియో కాపీని ఒకటి పక్కన దాచుకోండి, ఏడో మెట్టులో కావాలి.

చిటపటలు తీసేసే క్లిక్ రిమూవల్, నాయిస్ రిడక్షన్ ఇప్పుడే వాడొద్దు. క్లిక్ రిమూవల్‌కు టాంబొరీన్ మోతకూ గీత చప్పుడుకూ తేడా తెలియకపోవచ్చు. సాక్ష్యాన్ని కడిగేసి ఆనక వెతికితే ఏం దొరుకుతుంది?

4. శబ్దం మట్టం సమానం చేయండి

దీన్ని దాటవేసేవాళ్లే ఎక్కువ, తప్పు తీర్పులు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే. కాస్త గట్టిగా మోగేది చెవికి ఎప్పుడూ మెరుగ్గా తోస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు, మనకది ‘గట్టిదనం’గా తెలియదు, ‘స్పష్టత’గా తెలుస్తుంది.

అన్ని ట్రాకులనూ ఎంచుకుని లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి, మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనానికి కొలత) పెట్టండి. అందులో మోనోను డ్యూయల్ మోనోగా లెక్కించాలా అని ఒక గడి ఉంటుంది. ఒక ఫైలు మోనో, ఇంకొకటి స్టీరియో ఉన్నప్పుడు ఆ గడిలో టిక్ లేకపోతే 3 డెసిబెల్స్ తేడా వచ్చేస్తుంది. సరిపోయిందో లేదో చూసుకోవాలంటే ఒకే చరణం ఒకదాని తర్వాత ఒకటి వినండి. వాల్యూమ్ మీదకు చేయి వెళ్తోందంటే ఇంకా కుదరలేదన్నమాట.

వాల్యూమ్ కుదరాలని ‘నార్మలైజ్’ వాడొద్దు. అది అన్నిటికన్నా ఎత్తయిన ఒక్క శిఖరాన్ని మాత్రమే చూస్తుంది. పాత డిస్కులో ఆ శిఖరం పాటది కాదు, పెద్ద గీతది.

5. కాలం కొలవండి

మొత్తం నిడివిని నమ్మకండి. రింగో, ఆండీ వైట్ వెర్షన్లు రెండూ 2 నిమిషాల 20 సెకన్ల దరిదాపుల్లోనే ఉంటాయి. పైగా పాట చివర మెల్లగా తగ్గిపోతుంది కాబట్టి, ఎక్కడ ఆగిందన్నది మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దానికి చివరి మెరుగులు దిద్దడం) చేసినవాడి చేతిలో ఉంటుంది.

దాని బదులు నాలుగు గుర్తులు పెట్టండి: గొంతు మొదట ఎత్తుకునే చోటు, మధ్యలో వరస మారే చోటు, మౌతార్గాన్ ఒంటరి ఘట్టం మొదలు, దాని తర్వాత గొంతు మళ్లీ వచ్చే చోటు. బాగా పెద్దది చేసి, అల పైకి లేచే చోట కర్సర్ పెట్టి కంట్రోల్ బి నొక్కితే గుర్తు పడుతుంది. మొదటి గుర్తును సున్నా అనుకుని మిగతా మూడిటి దూరాలు రాసుకోండి.

ఇప్పుడు ఒక ఫైలు దూరాలను రెండో ఫైలు దూరాలతో భాగించండి. నమూనాకు కొన్ని అంకెలు: ఒకదాంట్లో 30.00, 60.00, 90.00, రెండోదాంట్లో 30.30, 60.60, 90.90 వచ్చాయనుకోండి. నిష్పత్తి మూడుచోట్లా 1.01. అంటే వాయింపు ఒక్కటే, వేగం ఒక శాతం తేడా. శ్రుతిలో అది సుమారు 17 సెంట్లు, అంటే అర స్వరంలో ఆరో వంతు. తప్పు ఎక్కువగా టర్న్‌టేబుల్‌దే అయుంటుంది.

అలా కాక 30.30, 60.15, 90.70 లాగా నిష్పత్తి ఊగిసలాడితే అవి రెండు వేర్వేరు వాయింపులు. మనిషి చేతితో వాయించిన తాళం రెండోసారి అచ్చుగుద్దినట్టు రాదు. డ్రమ్మర్ ఎవరో తెలియకపోయినా, టాంబొరీన్ వినిపించకపోయినా ఈ లెక్క తప్పదు. మొత్తం పద్ధతిలో ఒక్కటే నేర్చుకోగలనంటే దీన్ని నేర్చుకోండి.

వేగం సరిచేయాలంటే చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ వాడండి. చేంజ్ టెంపో వాడొద్దు. అది శ్రుతిని కదపకుండా కాలాన్ని మాత్రమే సాగదీసి, అలల ఆకారాన్ని చెడగొడుతుంది. తర్వాతి మెట్టు పనికిరాకుండా పోతుంది.

6. ఒకదాన్ని ఇంకొకదాంతో రద్దు చేయండి

ఒకే వాయింపు అని తేలిన ఫైళ్లకే ఇది. రెండు సీడీల్లో ఉన్నది ఒకే మాస్టరింగా, వేరా అన్నది దీంతో తెలుస్తుంది.

రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి పెట్టి, శాంపిళ్లు చుక్కల్లా కనబడేంత వరకు పెద్దవి చేయండి. ఒకే స్నేర్ దెబ్బ మొదలు రెండిట్లోనూ ఒకే చుక్క మీద ఉండేలా జరపండి. ఒక ట్రాకును ఇన్వర్ట్ చేసి (అలను తలకిందులు చేసి) రెండూ కలిపి వాయించండి. ఒకేలా ఉన్నదంతా రద్దయిపోయి, తేడా మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ ఒక్క శాంపిల్ జరిగినా లెక్క తప్పుతుంది. 44,100 రేటులో ఒక శాంపిల్ సుమారు 22.7 మైక్రోసెకన్లు. 100 హెర్ట్జ్ దగ్గర ఆ జరుగుబాటు పట్టించుకోనక్కర్లేదు, శబ్దం దాదాపు 37 డెసిబెల్స్ తగ్గుతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర మాత్రం తగ్గకపోగా 2 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి బేస్ మాయమై పై శ్రుతులు మాత్రం సణుగుతుంటే, ‘మాస్టరింగ్ తేడా’ అని ప్రకటించే ముందు ఒక శాంపిల్ అటూ ఇటూ జరిపి చూడండి.

మిగిలిన శబ్దాన్ని ఇలా చదవండి. ఇవి చేతి లెక్కలు, శిలాశాసనాలు కావు:

- అసలుకన్నా 60 డెసిబెల్స్ పైగా తగ్గితే: అదే మాస్టరింగ్, కవరు మాత్రమే కొత్తది.
- 20 నుంచి 40 తగ్గితే: అదే టేపు, ఈక్వలైజేషన్ (బేస్, ట్రెబుల్ పాళ్లు) లేదా లిమిటర్ (శిఖరాలను అణిచేది) తేడా.
- పాట నడుస్తున్నకొద్దీ క్రమంగా గట్టిపడితే: వేగం ఇంకా కుదరలేదు. అయిదో మెట్టుకు వెళ్లండి.
- మొదటినుంచీ ఏమీ తగ్గకపోతే: సరిగా పక్కపక్కన పెట్టలేదు, లేదా అవి వేర్వేరు వాయింపులు.

డిస్కు నుంచి తీసినవాటితో ఈ పరీక్ష చేయొద్దు. పళ్లెం తిరుగుడులో ఉండే సన్నటి ఊగిసలాట వల్ల ఒకే డిస్కును రెండుసార్లు రికార్డు చేసినా అవి పూర్తిగా రద్దు కావు. రింగో వెర్షన్‌కు ఇంకో చిక్కుంది. దాని మాస్టర్ టేపు మిగల్లేదు. అధికారిక విడుదలలకు కూడా మంచి డిస్కు చూసి దాని నుంచే తీయాల్సి వచ్చింది. కెనడా సింగిల్ కూడా డిస్కు నుంచి తీసినదే. అందుకే సీడీలో సన్నగా డిస్కు చప్పుడు వినిపిస్తే అది నకిలీ అని తీర్మానించకండి.

7. స్టీరియో నిజమా, నటనా?

ఈ పాట సెషన్ టేపులు కూడా లేవు, ఆండీ వైట్ వెర్షన్‌కు మిగిలింది మోనో మిక్స్ ఒక్కటే. అందుకని 1963 నాటి స్టీరియో ఎల్పీ పీసీఎస్ 3042లో ఈ పాటకు బేస్ ఒక చెవికీ, ట్రెబుల్ ఇంకో చెవికీ పంచి స్టీరియో వేషం కట్టారు. 2009 స్టీరియో సీడీలో ఆ వేషం తీసేసి నేరుగా మోనోనే ఇచ్చారు. కొత్త స్టీరియో మిక్స్ 2023 నవంబరు 2న ‘నౌ అండ్ దెన్’కు జోడీగా వచ్చింది. కలిసిపోయిన వాయిద్యాలను కంప్యూటర్‌తో విడదీశాకే అది వీలైంది.

పరీక్ష: దాచుకున్న స్టీరియో కాపీని స్ప్లిట్ స్టీరియో టు మోనో చేసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి వినండి. పూర్తి నిశ్శబ్దమైతే అచ్చమైన మోనో. చిటపటలూ అడుగున గరగరా మాత్రమే మిగిలితే మోనో డిస్కును స్టీరియో స్టైలస్‌తో తీశారు. డొల్లగా మొత్తం పాటే వినిపిస్తే వేషం కట్టిన స్టీరియో. కొన్ని వాయిద్యాలు పూర్తిగా మాయమై మిగతావి నిలిస్తే కొత్త మిక్స్.

8. కళ్లు మూసుకుని తేల్చండి

‘ఇది వెచ్చగా ఉంది, అది పలచగా ఉంది’ అని రాసే ముందు ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి బొమ్మకు ఒకటి, బొరుసుకు ఇంకొకటి వినిపించమనండి. పదిసార్లు. మీకు తెర కనబడకూడదు, వాళ్ల మొహం కూడా. పదింట తొమ్మిదో పదో సరిగ్గా చెబితే తేడా నిజంగా వినిపిస్తోందనుకోవచ్చు. ఊరికే గుడ్డిగా చెబితే అన్ని రావడానికి అవకాశం 1 శాతమే. ఏడు వచ్చిందని మురిసిపోకండి, ఆరుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి ఊరికే చెప్పినవాడికీ అన్ని వస్తాయి.

పొరపాట్లు జరిగే చోట్లు

‘తొలి సింగిల్ మీద ఆండీ వైట్ లేనే లేడు’ అంటారు. పాట వైపు లేడు, నిజమే. డిస్కు తిప్పితే ‘పీఎస్ ఐ లవ్ యూ’లో డ్రమ్స్ ఆయనవే. అందులో రింగో మరాకాస్ ఊపాడు. ఏ వైపు వింటున్నారో చూసుకోకుండా కొట్లాడినవాళ్లు చాలామంది ఉన్నారు.

అమెరికాలోని వీజే కంపెనీ ఎల్పీ ‘ఇంట్రడ్యూసింగ్ ద బీటిల్స్’ కొని అందులో ఈ పాట లేదని కంగారుపడేవాళ్లుంటారు. 1964లో ఆ ఎల్పీ రెండు రకాలుగా వచ్చింది. మొదటి రకంలో ఈ పాట ఉంది, రెండోదాంట్లో తీసేశారు.

పాటలు వినిపించే యాప్‌లలో శబ్దాన్ని సమం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మాస్టరింగ్ తేడాలు కొంత కప్పబడిపోతాయి. పోల్చేటప్పుడు దాన్ని ఆపి, మట్టం మీరే సరిచేయండి. యాప్‌లో కనిపించే ఏడాదిని పట్టించుకోకండి. 1962 అని రాసున్నా లోపలున్నది 2009 మాస్టరింగ్ కావచ్చు.

పాత తెలుగు సినిమా పాటలకు ఇదే పద్ధతా?

అదే. కాకపోతే రెండు విషయాలు అదనంగా చూసుకోవాలి.

ఒకటి, వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ, డీవీడీలు నడిచింది పాల్ పద్ధతిలో, సెకనుకు 25. సినిమాను అలా ఎక్కించినప్పుడు పాట సుమారు 4 శాతం వేగమై, శ్రుతి 71 సెంట్లు పైకి పోతుంది. అర స్వరంలో దాదాపు ముప్పావు వంతు. డీవీడీలో గాయకుడి గొంతు లేతగా వినిపించి, డిస్కు మీద బరువుగా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అయిదో మెట్టులో నిష్పత్తి అన్నిచోట్లా 1.04 దగ్గర నిలిచిందా, ఇక వేరే వివరణ వెతకొద్దు. చేంజ్ స్పీడ్‌లో గుణకం 0.96 పెడితే సరిపోతుంది.

రెండు, నిడివి. పది అంగుళాల 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే) డిస్కులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. తెరమీద అయిదు నిమిషాలున్న పాటను కత్తిరించో, రెండు వైపులకు పంచో ఇచ్చేవారు. కొన్నిటికి రికార్డు కోసం విడిగా పాడించడమూ ఉంది. చరణం పోయిందా, లేక మొత్తం వేరే పాడటమా అన్నది గుర్తుల నిష్పత్తే చెబుతుంది: కత్తిరింపు దగ్గర ఒక్కసారి గెంతి మళ్లీ స్థిరపడితే కత్తిరింపు, పొడుగునా ఊగితే వేరే రికార్డింగ్.

78లకు 3 మిల్, అంటే సుమారు 75 మైక్రాన్ల స్టైలస్ తప్పనిసరి. ఎల్పీ సూదితో వాయిస్తే అది గాడి అడుగున మట్టిలో దేకుతుంది, చప్పుడు తప్ప పాట రాదు. ఇది బీటిల్స్ అభిమానులకూ వర్తిస్తుంది: కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటల్ని పార్లొఫోన్ లేబుల్ మీద 78లుగా కూడా ముద్రించారు. అటక మీద అలాంటిది ఒకటి దొరికితే, సూది మార్చేదాకా దాన్ని టర్న్‌టేబుల్ మీద పెట్టకండి.